బోరుకు తగ్గ మోటరు

షోరూముల కుర్చీ మెత్తగుంది.
గోళ్ల సందుల వార్నిషు కనవడకుంట
చేతులు ఒళ్లె పెట్టుకున్న.

ఫయాజ్ అనే పిలగాడు కాగితం మీద గీతలు గీసిండు.
ఇటు చిన్న ఇంజను, వెయ్యి సీసీకి రెండు తక్కువ.
అటు పెద్దది, పన్నెండు వందలకు మూడు తక్కువ.
దాని కింద మూడు మెట్లు: బేసు, మిడ్డు, టాపు.
"ఏది రాయమంటరు సార్?"

నేను మర్రిగూడ అడ్డ మీద మోటర్లు చుట్టేటోన్ని.
రాగితీగెతోని ఇరవై రెండేండ్ల దోస్తీ.
ఐదు హెచ్‌పీ అడిగే బోరుల మూడు దించితే
గుంజి గుంజి కాలుతది.
ఇంచు నీళ్లకు ఏడున్నర దించితే
ఉత్త గాలి మింగి కాలుతది.
ఈ రెండు తప్పుల మీదనే మా పొయ్యి మండుతది.
ఇయ్యాల తప్పు చేసే వంతు నాదైంది.

స్వరూప దేవరకొండ డిపోల కండక్టరు.
నిండు బస్సు ఎక్కుడు కాడ ఎట్ల నిట్టూరుస్తదో
ఆమెకు కాళ్లల్లకెల్లి తెలుస్తది.
"నలుగురం కూసోని, ఏసీ ఏసుకోని
సాగర్ హిల్ కాలనీ ఎక్కాలె గదా,
పెద్దదే తీస్కో" అన్నది.

లాస్యకు నెత్తిమీద అద్దం గావాలె.
మే నెల నల్లగొండల, బిడ్డా,
రేకుల షెడ్డుకు బొక్క పడితెనే సిమెంటు పూస్తం,
లచ్చ పోసి బొక్క కొంటమా?
అలిగింది. ఫయాజ్ ఇచ్చిన చాక్లెట్ గూడ తినలే.

లెక్క తిరిగి తిరిగి ఒక్క కాడనే ఆగుతుంది.
పెద్ద ఇంజను బేసుకూ
చిన్న ఇంజను మిడ్డుకూ
నడుమ నాలుగు వేలు తేడా.
మా దగ్గరున్నయి ఆ రెండిట్ల ఒక్కదానికే.

నాలుగోసారి పోయిన్నాడు అండాలక్కను తోల్కపోయినం.
చిన్నప్పటికెల్లి తాగిన బోరునీళ్లు
అక్క ఎముకలల్లనే ఉండిపోయినయి.
నల్లాకు క్రిష్ణ నీళ్లొచ్చిన దినం
బిందె పట్టుకొని నిలవడనీకె
ఆమె నడుముకు రాలేదు.

పెద్ద ఇంజను బండి, బేసు. తలుపు తీసినం.
అక్క ఎనుకకు తిరిగింది, మెల్లగ కూలవడ్డది,
ఒక్కో కాలు చేత్తోని ఎత్తి లోపల పెట్టుకున్నది.
సదురుకుందామని చెయ్యి పైకి పెట్టింది.
ఆడ ఏం లేదు.
చెయ్యి గాలిలనే జరసేపున్నది,
మరిచిపోయిన మాటను ఎతుకుతున్నట్టు.

"పట్టుకునే పిడి మిడ్డు నుంచి వస్తదమ్మా"
ఫయాజ్ గొంతు తగ్గించిండు.
పిడి ఒక్కదాని ధరెంత, అన్న.
విడిగ రాదట సార్.
ఎనుక అద్దానికి వైపరు, నాలుగు స్పీకర్లు,
చక్రాలకు మెరిసే మూతలు,
ఇన్నిటి చెయ్యి పట్టుకొని వస్తదట.
జానెడు ప్లాస్టిక్కు.
నేనే బిగిస్త, రెండు బోల్టుల పని, అన్న.
రేకుకు తొల్త పెడితె వారంటీ పోతదన్నడు.

స్వరూప నా దిక్కు చూడలే.
కాగితం గుంజుకొని
చిన్న ఇంజను కాడ సున్న సుట్టింది.

మొన్న ఐతారం సాగర్ పోయినం.
హిల్ కాలనీ ఎక్కుడు కాడ ఏసీ బందు వెట్టినం.
సిమెంటు లారీ ఒకటి మమ్ముల దాటిపోయింది,
దాని డ్రైవరు నవ్విండో లేదో గాని
లాస్య మాత్రం తల దించుకున్నది.
స్వరూప రెండో గేరేసింది, జర గట్టిగనే,
ఆ సప్పుడు నాకోసమే.

నాలుగు స్పీకర్లల్ల ఒక్కటి పాడలే.
అక్కనే బందువెట్టమన్నది.
పిడి ఇడవకుంటనే చెవి ముంగటికి పెట్టింది.
"నీ దుకాణంల మోటరు లెక్కనే మూలుగుతుందిరా,
కాలుతదా?"

నేను గూడ ఇన్న.
"కాలదక్కా.
గుంజుతుంది, అంతే."